ఆండాలు ఏలిన రేకుల రాజ్యం

మా గల్లీలో పాలు పోసే ఆండాలు పన్నెండేళ్ళ పాటు ఒక దూరదేశాన్ని ఏలింది. ఆ పన్నెండేళ్ళలో ఒక్కనాడు కూడా అక్కడ అడుగు పెట్టలేదు. లాల్‌దర్వాజలో తన గడప పక్కన పీట మీద కూర్చుని, అక్కడి నుంచే హుకుంలు జారీ చేసింది. చివరికి ఆ దేశపు ప్రజలు రెండు టన్నుల బరువున్న రాయబారిని పంపి, నడివీధిలో, డప్పుల మోత మధ్య ఆమెను గద్దె దించారు!

సరే, సరే. రెండు టన్నులన్నది నేను వేసిన కొసరు. తూచినవాడెవడూ లేడు కాబట్టి ఒక టన్ను దగ్గర రాజీ పడదాం. దూరదేశమంటే మహేశ్వరం అవతల ఒక రేకుల షెడ్డు. ప్రజలంటే ముప్ఫై ఒక్క బర్రె, వాటి దూడలు, ఒక దున్నపోతు. వాటి మీద ఆమె నియమించిన గవర్నరు సొంత తమ్ముడు కొండల్. ఇవి పోను మిగిలినదంతా నిజం. నమ్మకం కుదరనివాళ్ళు వచ్చి ఆండాలునే అడగవచ్చు.

ఆండాలుకు అరవై ఒకటి. పొద్దున అయిదున్నరకు పాల డబ్బాలు దిగేసరికి పీట మీద సిద్ధంగా ఉంటుంది. గల్లీ అంతా గిన్నెలు పట్టుకుని ఆమె ముందు నిలబడుతుంది. నా గిన్నె ఎప్పుడూ మూడోది. మొదటి రెండు గిన్నెలవాళ్ళు నాకంటే పెద్దవాళ్ళేం కాదు, గొంతులు పెద్దవి.

ఆమె తండ్రి రోజుల్లో బర్రెలు మా గల్లీలోనే ఉండేవి. సాయంత్రం అవి ఇంటికి వస్తుంటే మనుషులు గోడలకు అతుక్కుని దారి ఇచ్చేవాళ్ళు. నేను తెల్ల చొక్కా, టై వేసుకుని కాన్వెంటుకు వెళ్ళివచ్చే కాలంలో, వారానికి ఒక్కసారైనా ఏదో ఒక బర్రె తన తోకతో నా వీపు మీద సంతకం చేసేది. మర్నాడు సిస్టర్లకు కారణం చెప్పలేక చచ్చేవాణ్ణి. ఆ తండ్రి చేతిలో ఒక వెదురు కర్ర ఉండేది. కొసకు ఇత్తడి పొన్ను. ఆ కర్ర ఎవరి చేతిలో ఉంటే ఆ ఇంట్లో బర్రెల విషయంలో మాట వాళ్ళది. ఆయన పోయేటప్పుడు కొండల్ చిన్నవాడు. కర్ర ఆండాలు చేతికి వచ్చింది. పెళ్ళి చేసుకుని పరాయి ఇంటికి పోతే కర్ర వదలాలి కదా, అందుకని ఆమె భర్తనే ఇక్కడికి తెచ్చుకుంది. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ కర్రకేసి చూసి నవ్వేవాడు, అంతే. పుణ్యాత్ముడు.

పన్నెండేళ్ళ కిందట గల్లీలో కార్లు పెరిగాయి, బర్రెలకు చోటు తరిగిపోయింది. మహేశ్వరం అవతల షెడ్డు కట్టించారు. డీసీఎం వ్యాన్లు వచ్చిన రోజు ఆండాలు ఒక్కొక్క బర్రెనూ నుదుటి మీద చెయ్యి వేసి ఎక్కించింది. ఆఖరి వ్యాను కదలగానే ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది. కొండల్ వచ్చి తలుపు కొట్టాడు.

"అక్కా, నువ్వు గూడ రా. జాగ సూద్దువు గని."

"నేను రాను. పరాయి జాగల నా బర్రెలు నిలవడ్తె నేను సూడలేను. ఎన్నడు రాను."

అన్నమాట ప్రకారం ఎన్నడూ పోలేదు. పోవడానికి బదులు ఒక ఫోను కొన్నది.

అక్కడే మొదలయింది రాజ్యపాలన! రోజుకు అయిదు కాల్స్. పాలు పిండే ముందు ఒకటి, పిండాక ఒకటి, దాణా వేసేటప్పుడు ఒకటి, కడిగేటప్పుడు ఒకటి, సందెవేళ ఒకటి. కొండల్ రెండు చేతులూ బర్రెల పనిలో ఉంటాయి కాబట్టి ఫోనుకు తాడు కట్టి మెడలో వేసుకున్నాడు. తర్వాత వీడియో కాల్ వచ్చింది. ఇక ఆండాలును పట్టేవాళ్ళు లేకపోయారు. పొద్దున నేను గిన్నెతో వెళ్ళేసరికి ఆమె దర్బారు నడుస్తూ ఉండేది.

"కొండల్, పేడ సూపియ్."

"అక్కా, గిప్పుడే పాలు పిండుడు అయింది. మొఖం గూడ కడుక్కోలె."

"నీ మొఖం ఎవలకు గావాలెరా? పేడ సూపియ్. జర కిందికి పట్టు. ఇంకింత కిందికి. ఆగు! నాలుగో నంబరుది పల్చగున్నది. దానికి దాణ తక్కువ జెయ్."

నవ్వకండి. ఒకసారి తొమ్మిదో నంబరు బర్రె పేడను అరచేతిలోని ఫోనులో చూసి, "దీనికి కడుపుల బాగలేదు, డాక్టరును పిలువ్" అన్నది. ఆ డాక్టరు రెండు రోజులకు తీరిగ్గా వచ్చి, అదే సంగతిని అరగంట చెప్పాడు. ఆండాలుకు బర్రెల విద్య తెలుసు. ఆ విద్య తెలియని మనిషి అయి ఉంటే ఈ కథలో గొడవే లేదు, కొండల్ మొదటి నెలలోనే ఫోను కట్టేసి ఉండేవాడు.

ఇక్కడ మా సిస్టర్ ఫిలోమినా సంగతి చెప్పాలి. మా కాన్వెంటులో అయిదో తరగతి దాకా మగపిల్లలను కూడా చేర్చుకునేవారు. ఆమె మాకు చరిత్ర చెప్పేది. పూర్వం లండన్ నుంచి వలస దేశానికి ఉత్తరం చేరాలంటే ఆరు నెలలు పట్టేదట. ‘యుద్ధం చెయ్యవద్దు’ అన్న ఉత్తరం వచ్చేసరికి ఇక్కడ యుద్ధం అయిపోయి, పెళ్ళిళ్ళు కూడా అయిపోయేవట. అందుకని ఇక్కడున్న దొర తన బుర్రతో పని చేసేవాడు. తర్వాత టెలిగ్రాఫ్ తీగ వేశారు. ఆ రోజు నుంచి దొర బుర్రకు సెలవు. లండన్‌లో మంత్రి దగ్గితే ఇక్కడ దొర రుమాలు తీసేవాడు. "ఇప్పుడు చెప్పండి పిల్లలూ, దూరంగా ఉన్న సర్కారు ఎంతవరకు పెత్తనం చేయాలి? పక్కనున్న దొరకు ఎంత వదలాలి?" అని అడిగింది సిస్టర్. నేను లేచి, "సిస్టర్, మరి ఆ దేశంలో ఉన్నవాళ్ళను ఎవరైనా అడిగారా?" అన్నాను. నన్ను బెంచీ ఎక్కించారు. అరవై అయిదేళ్ళయింది. ఆ ప్రశ్నకు జవాబు అన్నాళ్ళూ రాలేదు. వచ్చిందల్లా పోయిన సదర్ పండగ నాడు, నాలుగు కాళ్ళ మీద వచ్చింది.

దానికి ముందు వాన వచ్చింది.

పోయిన శ్రావణంలో లాల్‌దర్వాజలో మూడు రోజులు ఆగకుండా కురిసింది. నేను అప్పుడు ఆండాలు అరుగు మీదే ఉన్నాను, బయటికి పోయే దారి లేక. వానకు సిగ్నల్ సరిగా అందక ఫోనులో బొమ్మ రావడం లేదు, మాట ఒక్కటే.

"కొండల్, వాన దంచి కొడ్తున్నది. బర్రెలను బైటికి ఇడువకు."

"అక్కా, ఈడ మస్తు ఎండ ఉన్నది."

"నాకు చెప్తవారా? నా చెవులతోని ఇంటున్న. రేకుల మీద టపటప అంటున్నది."

"గవి మన ఇంటి రేకులక్కా!"

"ఎదురు చెప్పకు. కట్టెయ్."

కట్టేశాడు. బయట ఎండ ఫెళఫెళా కాస్తుంటే, పక్కనే కుంట నిండుగా ఉంటే, ముప్ఫై ఒక్క బర్రె మూడు రోజులపాటు లాల్‌దర్వాజ వానలో తడవకుండా షెడ్డులో నిలబడ్డాయి! బర్రెకు నీళ్ళు చూపించి నీళ్ళలోకి పోనివ్వకపోతే అది ఏం చేస్తుంది? పాలు ఎగబెట్టింది. నాలుగో రోజు డబ్బాలు సగానికి వచ్చాయి. గల్లీలో లొల్లి. ఆ డబ్బాలతోపాటు వ్యానులోంచి కొండల్ కూడా దిగాడు. అక్క దగ్గరికి పోలేదు. నేరుగా మా ఇంటికి వచ్చి నా ముందు కూర్చున్నాడు.

"పెద్దన్నా, నువ్వు ఇంగ్లీషు బడిల చదివినవ్. రాజులకు అర్జీలు రాస్తరు గద, గసొంటిది ఒకటి రాయి."

"ఏమని రాయాలి?"

"వాన ఏడ పడ్తున్నదో, ఆడ ఉన్నోళ్ళే చెప్తరు అని రాయి."

నా చేతిలో కలం ఆగిపోయింది. ఆ ఒక్క మాట కోసం ఎన్ని దేశాల్లో ఎంతమంది తుపాకులు పట్టారో కొండల్‌కు తెలియదు. మహేశ్వరంలో బర్రెలు కడుక్కుంటూ తనకు తానే కనిపెట్టాడు!

"ఇంకా?"

"పేడ దినానికి ఒక్కపారి సూపిస్త. బర్రె ఎప్పుడు నీళ్ళల్లకు పోవాల్నో నేను చెప్త. ఆఖరుకు, కర్ర. కర్ర షెడ్డుకు రావాలె." "యాభై రెండేండ్లు వచ్చినయ్ పెద్దన్నా నాకు. కర్ర ఇయ్యకుంటె నేను షెడ్డు ఇడిచిపెడ్త. మా బామ్మర్దికి ట్రాలీ ఆటో ఉన్నది. నడుపుకుంట బతుకుత."

అది బెదిరింపు కాదని నాకు అర్థమయింది. కొండల్ పోతే ఆ షెడ్డు నడిపేవాడు లేడు. షెడ్డు లేకపోతే ఆండాలుకు పొద్దున లేవడానికి పని లేదు. మరోవైపు, కర్ర ఇచ్చేస్తే ఆమె ఫోను ఎవరికి కావాలి? తను లేకుండా బర్రెలు పాలిస్తాయని తెలిసిపోతే తను ఎందుకు? ఆమె భయం అదీ. పైకి చెప్పే మనిషి కాదు కాబట్టి నేనే చెబుతున్నాను.

అర్జీని నేను శ్రద్ధగా రాశాను. కొండల్‌ను వెంటబెట్టుకుని వెళ్ళి, ఆమె ముందు నిలబడి, గొంతు సవరించుకుని చదివాను. ఆమె డబ్బా తోముతూ విన్నది.

"అన్నా, ‘ఇందుమూలముగా’ అంటె ఏంది?"

"అంటే... ఇదిగో చెబుతున్నాం అని."

"గట్లయితె ‘ఇగో చెప్తున్న’ అని రాయొచ్చు గద. గీ కాయిదం నా తమ్మునిది గాదు, నీది. ముసలితనంల నీకు గివేం పనులు?" అని, తమ్ముడి వైపు తిరిగింది. "కర్ర కావాల్నారా?"

"కావాలె."

"లడ్డు ఎవల మాటకు లేస్తడు? నీ మాటకా, నా మాటకా?"

కొండల్ ఒప్పుకున్నాడు. "నీ మాటకే."

లడ్డు అంటే దున్నపోతు. మూడున్నరేళ్ళ కిందట పుట్టినప్పుడు ఆండాలు ఫోనులో చూసి, "లడ్డు అంతున్నడు" అని ఆ పేరే పెట్టింది. ఫోనులో అంతే కనిపించాడు మరి. వాణ్ణి సదర్ కోసం పెంచారు. దీపావళి వెళ్ళిన రెండో రోజు మా దగ్గర యాదవులు సదర్ చేస్తారు. దున్నపోతులను కడిగి, నూనె రాసి, పూలదండలు వేసి, డప్పులతో ఊరేగించి, పెద్దల వాకిళ్ళ ముందు ముందుకాళ్ళు ఎత్తించి నిలబెడతారు. లేచి నిలబడ్డ దున్నపోతు ఆ ఇంటికి మర్యాద. ప్రతి సందెవేళ కొండల్ ఫోను తీసి లడ్డు చెవి దగ్గర పెట్టేవాడు. ఇక్కడి నుంచి ఆండాలు "లే బిడ్డా!" అనేది. అక్కడ లడ్డు లేచేవాడు. కొండల్ బెల్లం ముక్క పెట్టేవాడు. మూడున్నరేళ్ళు ఇదే చదువు. టెలిగ్రాఫ్ మీద దున్నపోతును పెంచినవాళ్ళు ప్రపంచంలో ఇంకెవరైనా ఉన్నారేమో వెతకండి, దొరకరు.

"సదర్‌కు లడ్డును తీస్కరా," అన్నది ఆండాలు. "మన వాకిట్ల నేను ‘లే బిడ్డా’ అంట. లేస్తె ఫోన్లు గట్లనే ఉంటయ్, గీ కాయిదం నువ్వే చింపుతవ్. లేవకుంటె కర్ర పట్కపో."

"సరె. నేను నోరు దెరువ. వాన్ని ముట్ట."

"అన్న సాక్షి."

నేను సాక్షినయ్యాను. ఆండాలు గెలుస్తుందని గల్లీ అంతా అనుకుంది. నేనూ అనుకున్నాను. ఇందులో ఉన్న పొరపాటు చదువుకున్న నాకు తట్టలేదు, పశువుల మధ్య పుట్టిన వాళ్ళిద్దరికీ తట్టలేదు.

సదర్ వచ్చింది! సాయంత్రం నాలుగింటికే అరుగులు నిండిపోయాయి, మిద్దెల మీద జనం, తీన్‌మార్ డప్పులకు కిటికీ రెక్కలు అదిరిపోతున్నాయి. రోడ్డు మీద డీసీఎం ఆగింది. వెనక తలుపు దించారు. ముందు ఒక కొమ్ము కనిపించింది. అది ముగియడానికి చాలాసేపు పట్టింది. తర్వాత రెండో కొమ్ము. తర్వాత లడ్డు దిగాడు, వ్యాను ఊపిరి పీల్చుకుని పైకి లేచింది. నల్లరాతికి నూనె పట్టించినట్టు మెరిసిపోతున్నాడు. మెడలో గవ్వల పట్టీ, దాని మీద బంతిపూల దండలు, కొమ్ముల మధ్య నెమలి ఈకల కుచ్చు, కాళ్ళకు గజ్జెలు. గల్లీ మలుపులో వాడు తిరుగుతుంటే రెండు వైపులా గోడలు వాడికి తగిలాయి. కొండల్ పక్కన నడుస్తున్నాడు, పగ్గం వదులుగా, పెదవులు బిగించి.

ఆండాలు జరీ చీర కట్టి, తండ్రి కర్ర పట్టుకుని వాకిట్లో నిలబడింది. ఆమె పక్కన కొండల్ భార్య కళావతి హారతి పళ్ళెంతో ఉంది. లడ్డు వచ్చి ఎదురుగా ఆగాడు. మూడున్నరేళ్ళు అరచేతిలో పట్టినవాడు ఇప్పుడు వాకిట్లో పట్టడం లేదు. ఆండాలు తల ఎత్తి చూసింది, ఇంకా ఎత్తింది. డప్పులు ఆగాయి.

"లే బిడ్డా!"

చీటీ లేకుండా వచ్చిన మనిషిని దవాఖాన గుమస్తా చూసినట్టు చూశాడు లడ్డు.

"లే బిడ్డా! లే!"

చెవి కూడా కదపలేదు. మిద్దెల మీది నుంచి ఎకసెక్కాలు మొదలయ్యాయి.

"అక్కా, నెంబర్ బిజీ ఉన్నట్టున్నది!"

"కాదురా భాయ్, రీచార్జ్ అయిపోయింది!"

ఆండాలు కొంగులోంచి బెల్లం ముక్క తీసి చెయ్యి చాపింది. లడ్డు మూతి ముందుకు పెట్టాడు. బెల్లం వాసన చూశాడు. తర్వాత చెయ్యి వాసన చూశాడు. చూసి, ఒక అడుగు వెనక్కి వేసి కొండల్‌కు ఆనుకున్నాడు. ఆండాలు చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. ఆ క్షణాన నాకు కాన్వెంటు బెంచీ గుర్తొచ్చింది. ‘ఆ దేశంలో ఉన్నవాళ్ళను ఎవరైనా అడిగారా’ అంటే, ఇదిగో, ఇప్పుడే అడిగారు.

కొండల్ ముఖంలో గెలిచిన సంతోషం లేదు. అక్క చేతిని చూస్తున్నాడు.

నేను ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. కానీ నా నోరు ఎప్పుడు ఊరుకుంది? "ఆండాలూ, ఫోన్ చెయ్యరాదూ!" అని అరిచాను. తమాషాకే అరిచాను. ఆమె గిర్రున తిరిగింది.

"షర్తుల ఫోన్ వద్దని ఉన్నదా అన్నా?"

"లే... లేదు."

జనం గోలలో వినపడదని లోపలికి పోయి తలుపు వేసుకుంది. కొండల్ మెడలో ఫోను మోగింది. అతను నా వైపు చూశాడు. సాక్షిని కదా, "ఎత్తు" అన్నాను. ఎత్తి, స్పీకర్ పెట్టి, అలవాటు ప్రకారం లడ్డు చెవికి ఆనించాడు.

"లే బిడ్డా!"

లేచాడు! కొండ లేచినట్టు లేచాడు! నెమలి కుచ్చు మొదటి అంతస్తు బాల్కనీ దాకా పోయింది, అక్కడ ఆరేసిన దుప్పటి ఒకటి కొమ్ముకు చిక్కి జెండాలాగా ఎగిరింది. జనం విరగబడి అరిచారు, డప్పులు మళ్ళీ అందుకున్నాయి, నేను నా టోపీ ఎగరేశాను. ఆండాలు గెలిచింది! అర్జీ తీసి చింపమని కొండల్‌కు ఇవ్వడానికి జేబులో చెయ్యి పెట్టాను కూడా.

సరిగ్గా అప్పుడే వెనక ఎవరో పదివేల వాలా టపాకాయల దండ అంటించారు.

లడ్డు కిందికి దిగాడు గానీ వాడి కళ్ళలో తెల్లగుడ్డు కనిపిస్తోంది. కాళ్ళ కింద పూలు, ఒలికిన నూనె. వాడి ముందు గోడకు ఆనుకుని కళావతి, చేతిలో హారతి పళ్ళెం, పక్కకు పోవడానికి సందు లేదు. ఫోనులోంచి గొంతు వస్తూనే ఉంది.

"ఇంకోపారి! లే బిడ్డా! లే!"

చదువుకున్న చదువు కదా, లేచాడు. బెదిరిన దున్నపోతు రెండు కాళ్ళ మీద లేస్తే ఎక్కడ దిగుతుందో దానికే తెలియదు. దిగింది. కళావతికి గజం దూరం. జనం కేకలు పెట్టారు.

"అక్కా, ఆపు! ఆపక్కా!" కొండల్ ఫోనులో అరుస్తున్నాడు. ఆమెకు వినపడితే కదా. ఆమెకు వినపడేవి జనం కేకలు. అవి సంతోషంతో వేసేవో భయంతో వేసేవో తలుపు అవతలికి తెలియదు.

"సూశిండ్రా? ఇంకోపారి! లే బిడ్డా!"

మళ్ళీ లేచాడు. కళావతి చేతిలో పళ్ళెం ఎగిరిపోయింది.

కొండల్ మెడలో తాడు పుటుక్కున తెంపాడు. లడ్డు తాగడానికి పెట్టిన గంగాళంలోకి ఫోను విసిరాడు. నీళ్ళలోంచి "లే బి" అని ఒక బుడగ వచ్చి ఆగిపోయింది. షర్తు, గిర్తు ఏదీ చూడలేదు. దిగుతున్న ఆ నల్లటి కొండకూ భార్యకూ మధ్యకు దూరి, అరచెయ్యి లడ్డు నుదుటి మీద పరిచి, చ్చొ, చ్చొ అన్నాడు. అంతే. గజ్జెలు ఆగాయి. లడ్డు తల దించి, కొండల్ కొత్త చొక్కా మీద గంపెడు చొంగ కార్చి, మూతి అతని చంకలో దాచుకున్నాడు.

డప్పులు ఆగిపోయాయి. తలుపు తెరుచుకుంది.

"ఫోన్ ఎందుకు కట్ జేసినవ్‌రా? ఇంకింత సేపు లేపుదునుగ..."

మాట అక్కడే తెగింది. గంగాళంలో ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది. పళ్ళెం నేల మీద బోర్లా పడి ఉంది. కళావతి గోడకు అతుక్కుని ఏడవడం కూడా మరిచిపోయి ఉంది. ఆండాలు మెట్టు దిగి వచ్చింది. నేల మీద లడ్డు గిట్ట దిగిన గుర్తు చూసింది. పక్కన కళావతి పాదం చూసింది. వంగి, రెంటి మధ్య కర్ర కొస పెట్టింది. ఇత్తడి పొన్ను ఆ సందులో సరిపోయింది. అంతకంటే చోటు లేదు.

లేచేసరికి ముఖం వేరేగా ఉంది.

"అక్కా," అన్నాడు కొండల్ మెల్లగా, "లేచిండు. నువ్వే గెలిచినవ్. నేను నోరు దెరిచిన, ముట్టిన గూడ. కాయిదం చింపుత."

"గెలిచిన. అందరు సూశిండ్రు." గొంతు గట్టిగానే ఉంది. గల్లీ వినాలి కదా. "అన్నా, నువ్వు సాక్షివి. గెలిచిన్నా, లేదా?"

"గెలిచావు," అన్నాను.

"గెలిచినోళ్ళు తమకు ఇష్టమున్నోళ్ళకు ఇచ్చుకుంటరు. ఇగో, పట్కపో." కర్రను తమ్ముడి చేతిలో పెట్టింది. "ఇంట్ల అడ్డమున్నది."

కొండల్ కర్ర అందుకున్నాడు గానీ పట్టుకోవడం చేతకానట్టు నిలబడ్డాడు. ఆండాలు లడ్డు వైపు చూస్తోంది. ఈసారి ఎవరికీ వినపడకుండా అడిగింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను.

"వాడు నన్ను ఎందుకు గుర్తువట్టలేదురా?"

"నువ్వు ఎన్నడన్న వచ్చినవా అక్కా?"

ఆమె మళ్ళీ చెయ్యి చాపింది. బెల్లం లేదు ఈసారి, ఉత్త చెయ్యే. కొండల్ ఆ చేతి మీద తన చెయ్యి వేసి లడ్డు ముక్కు దగ్గరికి తీసుకుపోయాడు. లడ్డు చాలాసేపు వాసన చూశాడు. ఆ తర్వాత ఆమె జరీ చీర మీద పెద్దగా తుమ్మాడు. గల్లీ అంతా ఒక్కసారి నవ్వింది, డప్పులు మొదలయ్యాయి, ఆండాలు తుడుచుకోలేదు.

మర్నాడు నేను గిన్నెతో ముందే వెళ్ళాను. అయిదయింది. ఫోను ఆమె ఒళ్ళో ఉంది. చెయ్యలేదు. అయిదుంబావు అయింది. ఫోనును బోర్లా పెట్టింది. నేను ఆకాశం చూస్తున్నట్టు నటించాను. అయిదూ ఇరవైకి మోగింది. కళావతి ఫోను నుంచి కొండల్.

"అక్కా, నాలుగో నంబరుది పేడ జర సూడు."

"నాకెందుకురా? కర్ర నీ దగ్గరున్నది గద."

"కర్ర ఉన్నది గని పేడ నాకు సమజ్ గాదక్కా."

ఆండాలు పీట మీద సర్దుకుని కూర్చుంది. "జర కిందికి పట్టు," అన్నది.

ఇప్పుడు రోజుకు ఒక్క కాలే. అదీ అటు నుంచి. బేస్తవారం నాడు ఖాళీ డబ్బాలు తిరిగి వెళ్ళే వ్యానులో డ్రైవరు పక్కన కూర్చుని ఆండాలు మహేశ్వరం పోతుంది. ఎవరైనా అడిగితే గాలి మార్పు కోసమంటుంది. మొన్న లాల్‌దర్వాజలో అకాల వాన పడింది. రేకులు టపటపలాడుతుంటే ఆమె ఫోను అందుకుని, "కొండల్, ఆడ ఎట్లున్నది?" అని అడిగింది. నా చెవులతో విన్నాను. సిస్టర్ ఫిలోమినా బతికి ఉంటే ఆ మాట వినిపించి, బెంచీ దిగే అనుమతి అడిగేవాణ్ణి.

ఇదంతా రాసి, పత్రికకు పంపే ముందు ఆండాలుకు చదివి వినిపించడం న్యాయమని వెళ్ళాను. పాలు పోయడం ఆపి, మొదటి నుంచి చివరి దాకా విన్నది. "లడ్డు తుమ్మింది చీర మీద గాదు, రైక మీద" అని మధ్యలో ఒక్కసారి సరిచేసింది. ముగించాక అడిగింది.

"అయిపోయిందా?"

"అయిపోయింది. పంపనా?"

"పంపు. నాకేంది? అంత అబద్ధమే. లడ్డు లేడు, గిడ్డు లేడు. నేను ఎవలకు ఎన్నడు ఫోన్ జెయ్యలె, పేడ సూపియ్యమనలె. మహేశ్వరం ఏ దిక్కున్నదో గూడ నాకు తెల్వది. మా ఇంట్ల కర్రనే లేకుండె." నా గిన్నె లాక్కుని పాలు పోసి చేతిలో పెట్టింది. "అయినా నాకు అసలు తమ్ముడే లేడు."